కొండవారికి జ్వరము తగులదా?

విశాఖపట్టణ మండలమున మన్యమును గూర్చి రెండు మాటలు తరతరములుగా చెప్పుకొనబడుచున్నవి. మైదానమువాడు ఘాటు ఎక్కి పది రాత్రులు నిదురించినచో చలిజ్వరముతో దిగివచ్చునని యొకటి; ఆ కొండలలో పుట్టి పెరిగినవారికి ఆ జ్వరము తగులదని రెండవది. మొదటి మాట చాలవఱకు నిజమే. రెండవ మాట సగము మాత్రమే నిజము. ఆ సగమెంత, మిగిలిన సగమేమి, దానిని గ్రహించుటకు లోకమున కెన్నేండ్లు పట్టినది, ఆ గ్రహింపునుండి టీకా మం దెట్లు పుట్టినది అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదని చదువరులు తుదివఱకు వచ్చునప్పటికి ఒప్పుకొందురని నమ్ముచున్నాము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది మేము పాఠములు చెప్పుకొను జాలరిపేటలోని తల్లుల ప్రశ్న. సముద్రపు టొడ్డున వలలు బాగుచేసికొనుచు బ్రదుకు ఈ పేటలో అక్షరము రాని తల్లి సయితము బిడ్డకు టీకాలు వేయించుట నేడు మానదు. అట్టి యొక ఆమె మమ్ము నిలువదీసి, "అమ్మోరికి టీకా వచ్చినాది, తట్టుకి ఉన్నాది, మరి చలిజొరానికి మాత్రం ఎందుకు లేదు మేస్టారూ?" అని యడిగెను. చదువుకొన్నవారి యిండ్లలో మేమింత మంచి ప్రశ్నను వినలేదు. జెన్నరు మశూచికమునకు గోవుపొక్కు రసమును కనిపెట్టినది 1796లో. ఆ రసము బొంబాయి చేరినది 1802లో. 1975తో మన దేశమున అమ్మవారు మాయమాయెను. అంతకంటె ఎన్నియో వేల యేండ్లుగా మనుష్యుని పీడించుచున్న చలిజ్వరమునకు లోకము ఒప్పుకొనిన మొదటి టీకా వచ్చినది 2021లో. ఈ ఆలస్యమునకు కారణము శాస్త్రజ్ఞుల అలసత్వము కాదు. అమ్మవారు ఒకమారు సోకి బ్రదికినవానిని మరల ముట్టదు. చలిజ్వరము వచ్చినవానికే మరల మరల వచ్చును. ప్రకృతియే ఒక్క దెబ్బతో ఇయ్యని రక్షణమును మనుష్యుడు ఒక్క సూదితో ఇచ్చుట ఎట్లు?

మన వైద్య గ్రంథములు దీనిని విషమజ్వరములలో చేర్చినవి. చరకుడు సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకము అని ఆ జ్వరభేదములను చెప్పెను. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము. రెండు దినములు విడిచి వచ్చునది చతుర్థకము. ఎఱ్ఱ రక్తకణములో చేరిన మలేరియా క్రిమి పెరిగి ఆ కణమును పగులగొట్టుటకు కొన్ని జాతులలో 48 గంటలును, ఒక జాతిలో 72 గంటలును పట్టునని నేటి సూక్ష్మదర్శిని చెప్పుచున్నది. లెక్క సరిపోవుచున్నది. ఇంతవఱకు పూర్వుల పరిశీలనమును మెచ్చుకొనవలసినదే. కాని సుశ్రుతము కల్పస్థానమున దోమల ప్రస్తావన చూపి, ఈ జ్వరము దోమవలన వచ్చునని మనవారు ఆనాడే కనిపెట్టిరని కొందఱు వ్రాయుచున్నారు. ఆ స్థలమున సాముద్రము, పరిమండలము, హస్తిమశకము, కృష్ణము, పార్వతీయము అని దోమలు అయిదు విధములుగా చెప్పబడినవి. పార్వతీయపు కాటు ప్రాణహరములగు పురుగుల కాటుతో సమానమనియు నున్నది. సముద్రపు దోమను కొండదోమను వేఱు చేసి చెప్పిన ఆ మాట మా మండలమువారికి ముచ్చట గొలుపును. ఐనను అచ్చట వర్ణింపబడినవి దురద, వాపు మొదలగు విషలక్షణములే గాని విషమజ్వరము కాదు. లేనిదానిని ఉన్నదనుటచే పూర్వులకు గౌరవము హెచ్చదు.

ఇక మన్యపు కథకు వత్తము. నాటి విశాఖపట్టణ మండలము నేటివలె చిన్నది కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు జయపుర సంస్థానమును దానిలోనిదే. 1863లో ఆంగ్లేయ దొరతనమువారు జయపురమున పోలీసును, కచేరీలను నెలకొల్పిరి. జ్వరమునకు తాళలేక 1870లో ఎత్తు ప్రదేశమగు కోరాపుటునకు మకాము మార్చుకొనిరి. 1879లో చిగురు పన్ను మొదలగు బాధలకు తాళలేక రంప మన్యమువారు పితూరీ చేసినపుడు వారిపై పంపబడిన సిపాయిలను కొండవారి బాణములకంటె జ్వరమే ఎక్కువగా పడగొట్టినది. 1922 ఆగష్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి వెడలినది మొదలు 1924 మే 7వ తేదీన ఆయన కాల్చి చంపబడువఱకు, మలబారునుండి రప్పింపబడిన పోలీసులకును ఇదే యనుభవము. గూడెము కొండల దారులెఱుగకపోవుట ఒక కష్టము, ఆ కొండల గాలి పడకపోవుట మఱియొక కష్టము. ఇట్లు మన్యమునకు జ్వరము కందకమువలె నుండెను. పల్లపుసీమ వర్తకుడును, దొర కొలువుకాడును ఆ కందకమును దాటి లోపల స్థిరముగా కాపురముండుట అరుదు.

ఈ కందకమునకు లోపల నున్నవారి మాట యేమి? బయటివారు వణకుచు పడియున్నచోట కొండవాడు పోడు నరకుట, బరువు మోయుట, వేటాడుట దొరలు చూచిరి. చూచినది అబద్ధము కాదు. దానినుండి వారు తీసిన సిద్ధాంతమే చెడ్డది: కొండవాని రక్తమే వేఱు, వాని కీ జ్వరము చేయునది లేదు అని. ఈ సిద్ధాంత మెంతో సౌకర్యమైనది. జ్వరము తగులనివానికి ఆసుపత్రి యెందులకు? కొయినా పొట్లములు ఘాటు మీదికి మోయించుట యెందులకు? నర్సీపట్టణమునుండి చింతపల్లికి రోడ్డు వేయునపుడు గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కొండవారిచేతనే చాలీచాలని కూలికి పని చేయించెననుట సీతారామరాజు పితూరీకి గల కారణములలో నొకటిగా చరిత్రకారు లందఱును చెప్పుదురు. మైదానపు కూలీ ఘాటు ఎక్కుటకు వెఱచును. కొండవానికి వెఱపు లేదు, కావున వానిచేతనే చేయింపవచ్చును. రోగనిరోధక శక్తి యను మాట వైద్యశాస్త్రమునకు రాకముందే వెట్టిచాకిరికి ఉపయోగపడినదని మా అభిప్రాయము.

నిజమేమో తెలిసికొనుటకు కొండవానిని గాక కొండవాని బిడ్డను చూడవలసి యుండెను. దీనికి సాధనము మన పల్లెటూళ్లలో ప్రతి ముసలమ్మకు తెలిసినదే. చలిజ్వరము పదే పదే వచ్చిన బిడ్డకు కడుపులో ఎడమ ప్రక్కను బల్ల పెరుగును. ఆ బల్ల యనునది ప్లీహము. 1840ల చివర ఉత్తర హిందూస్థానమున యమునా కాలువల ప్రాంతమున డెంప్‌స్టరను వైద్యుడు ఊరూర జనుల కడుపులు తడవి, నూటికి ఎందఱికి బల్ల యున్నదో లెక్కకట్టి, ఆ యూరి జ్వరమును కొలుచు పద్ధతిని పెట్టెను. అరువదియేండ్ల పిమ్మట ఆ తడుముడు మా మండలపు కొండలకు వచ్చినది. కెప్టెన్ పెర్రీ యను సైనిక వైద్యుడు జయపురపు కొండల స్థానిక మలేరియాను పరిశీలించి 1914లో తన వ్యాసమును ప్రకటించెను. జ్వరము తగులదనబడినవారి బిడ్డలలో బల్ల లేనివారిని వెదకి పట్టుకొనవలసి వచ్చునంతటి సీమలు మన దేశమున గల వని ఇట్టి పరిశోధనలవలన తేలెను.

ఆ లోపల రాబర్టు కాక్ పండితుడు 1899, 1900 సంవత్సరములలో జావా, న్యూగినీ దీవులలో తిరిగి జనుల వ్రేలికొనలనుండి రక్తపు చుక్కలు తీసి చూచెను. జ్వరము హెచ్చుగా నున్న యూళ్లలో పసిబిడ్డల రక్తము క్రిములతో నిండియుండెను; పెద్దవారి రక్తమున క్రిములు కానరావయ్యెను. పెద్దవారికి రక్షణము పుట్టుకతో వచ్చినది కాదు, పెరుగుచు సంపాదించుకొనినది అని ఆయన తేల్చెను. క్రిస్టోఫర్సు 1924లో మనకు ఉత్తరముననున్న సింగుభూము గనుల ప్రాంతమున ఇంకను సూక్ష్మముగా చూచెను. ఏ యేట బిడ్డ రక్తమున ఎన్ని క్రిములో లెక్కించి, మొదటి రెండేండ్ల కాలమున అవి విపరీతముగా పెరుగుననియు, ఆ పిమ్మట శరీరము వానిని అణచియుంచునే గాని పూర్తిగా వెడలగొట్టదనియు నిరూపించెను.

ఈ పొడి మాటల వెనుక నున్న కాపురమును ఒక్క క్షణము ఊహింపుడు. బిడ్డ పుట్టినపుడు తల్లి రక్తమునుండి వచ్చిన రక్షణము కొన్ని నెలలు కాపాడును. అది తఱిగిన పిమ్మట, పాలు మాని బువ్వ తినుట నేర్చు కాలమున, జ్వరము మొదలగును. ఒక వర్షాకాలమున ఒకమారు కాదు, పలుమార్లు వచ్చును. రక్తము విఱిగి బిడ్డ పాలిపోవును. కొందఱికి క్రిమి మెదడు రక్తనాళములను పట్టి మూర్ఛలు వచ్చును. దానిని దయ్యముగాను, గాలిగాను ఎంచి గురువును పిలిచిన యిండ్లెన్నియో. అయిదేండ్లు దాటి బ్రదికిన బిడ్డకు జ్వరము వచ్చినను ప్రాణము మీదికి రాదు. పదునైదేండ్లవాడు క్రిమిని ఒంట పెట్టుకొనియే గొడ్డలి భుజమున వేసికొని పోవును. దొర చూచినది ఈ పదునైదేండ్లవానిని. వానితో పుట్టి ఎన్నడో మట్టిలో కలిసిన తమ్ములు, చెల్లెండ్రు దొరకు కానరాలేదు, ఏ లెక్కలోనికిని రాలేదు. కొండవారికి జ్వరము తగులదనుటకు అర్థమిదియే: తగిలినవారిలో బ్రదికినవారిని మాత్రమే మన మెఱుగుదుము.

స్త్రీల విషయమున దీనికంటె దారుణమైన సంగతి యొకటి యున్నది. మా పత్రికను చదువు సోదరీమణులు దీనిని తప్పక తెలిసికొనవలెను. బాల్యమంతయు జ్వరముతో పోరాడి గెలిచిన పడుచు తొలిచూలు మోయునపుడు ఆ గెలుపు చాలక పోవును. మాయ యను నూతనావయవము ఆమె శరీరమున పుట్టును. దానికి అంటుకొను క్రిమి తెగను ఆమె రక్తము మునుపెన్నడు నెదుర్కొనియుండదు. తల్లికి జ్వరము లేకున్నను మాయలో క్రిములు క్రిక్కిఱిసి గర్భస్థశిశువునకు పోషణము తగ్గును. శిశువు బరువు లేక పుట్టును, కొన్నిసార్లు దక్కదు. మలిచూలు నాటికి ఆ తెగను గూడ శరీరము గుర్తించి కొంత తట్టుకొనును. తొలి బిడ్డను కొండదేవతకు బలియిచ్చుకొన్నట్లే గదా! ఇంత కష్టపడి గడించిన రక్షణమైనను నిలుచునా యనిన, అదియును లేదు. కొండబిడ్డ నాలుగైదేండ్లు జ్వరము లేని పట్టణమున నున్నచో అది క్షీణించును. తిరిగి యూరికి పోయినపుడు వాడును మైదానమువానివలె వణకును.

రక్తము వేఱను మాటలో పిసరంత నిజమున్నదని న్యాయము కొఱకు ఒప్పుకొనవలెను. మన్యపు తెగలలో కొడవలి యాకారపు రక్తకణముల లక్షణము కొందఱికి గలదు. తల్లి తండ్రులలో ఒక్కరినుండి మాత్రమే అది సంక్రమించినచో మలేరియా ప్రాణాంతకము కాకుండ కొంత కాపాడునని 1954లో అల్లిసను చూపెను. ఇద్దఱినుండియు సంక్రమించినచో ఆ లక్షణమే వ్యాధియై జీవితాంతము బాధించును. దీనికి ముందే 1949లో ఇట్టి రక్తదోషములకును మలేరియాకును సంబంధ ముండునని ఊహించినవాడు జె. బి. ఎస్. హాల్డేను. ఆ మహాశయుడు ఆంగ్లేయుడై పుట్టి భారత పౌరుడై 1964లో భువనేశ్వరమున కన్ను మూసెను. ఆయన కోరిక ననుసరించి ఆయన దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల పాఠమునకై పంపిరి. తెలుగువారు ఈ సంగతిని మఱచిరి. ప్రకృతి యిచ్చిన ఈ కవచమునకును వెల పసిబిడ్డలే చెల్లించుచున్నారు గాని వేఱు కాదు.

దోమ సంగతి లోకమునకు తెలిసినది మన తెలుగు నేల మీదనే. 1880లో లావెరాన్ అల్జీరియాలో జ్వరపీడితుని రక్తమున క్రిమిని కనుగొనెను. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డు రాసు చుక్కల రెక్కల దోమ కడుపును చీల్చి, దాని గోడలో క్రిమి నల్లని రంగుగింజలతో పెరుగుచుండుటను చూచెను. ఆయనకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. ఆ దోమలకు తన చేయి అప్పగించిన రోగి హుసేన్‌ఖానుకు దోమకు అణా చొప్పున ముట్టినది. ఈ కథ పాఠపుస్తకములలో నున్నది గనుక విస్తరింపము.

క్రిమి దోమనుండి మనుష్యుని చేరు తీరు తెలిసినగాని టీకా ఏల కష్టమో తెలియదు. దోమ కుట్టినపుడు దాని లాలాజలముతో సూదిమొనలవంటి క్రిమిబీజములు కొద్దిపాటి చర్మమున దిగును. అరగంట, గంటలోపల అవి కాలేయమును చేరి దాగుకొనును. అచ్చట వారము పది దినములలో ఒక్కొక్క బీజము వేలకొలది పిల్లలై రక్తమున పడి కణములలో దూరును. జ్వరము అప్పుడు మొదలగును. మశూచి క్రిమికి ఎప్పుడును ఒకే వేషము. దీనికో, చర్మమున నొక వేషము, కాలేయమున నొక వేషము, రక్తమున నొక వేషము. ఫాల్సిపారము అను ప్రాణాంతక జాతి రక్తకణము పైని తగిలించుకొను అంటుడు పదార్థమును మార్చుకొనుటకు దాదాపు 60 జన్యువులను దాచిపెట్టుకొని యున్నది. శరీరము ఒకదానిని గుర్తుపట్టి ఆయుధము చేయునంతలో అది మఱియొకటి ధరించును. జాలరిపేట పిల్లలకు మేము చెప్పునది: నెత్తళ్లకు కట్టిన వలలో సొర పడదు, సొరకు కట్టిన వలలో నెత్తళ్లు నిలువవు, ఈ చేప యైతే వల పడులోపల తన కొలతనే మార్చుకొనును. ఎన్నో వలలు కట్టి దాచుకొనినవాడే దానిని పట్టును. కొండబిడ్డ ఏండ్ల తరబడి చేయుపని అదియే.

టీకాకు దారి చూపిన ప్రయోగములలో మిక్కిలి ముఖ్యమైన దొకటి మన చెన్నరాజధానిలోనే జరిగినది. నాటికి విశాఖపట్టణమును ఆ రాజధానిలోనిదే. నీలగిరులలో కూనూరునందు దక్షిణ హిందూస్థానపు పాస్చరు సంస్థ గలదు. 1941, 1942 సంవత్సరములలో ముల్లిగన్, రస్సెల్, బి. ఎన్. మోహన్ అను ముగ్గురును అచ్చట కోళ్లకు వచ్చు మలేరియాను తీసికొని, దోమనుండి సేకరించిన బీజములను అతినీలలోహిత కిరణములు మొదలగు వానిచే నిర్వీర్యములు చేసి కోళ్లకు సూదివేసిరి. పిమ్మట ఆ కోళ్లను దోమలచే కుట్టించిరి. సూది పడిన కోళ్లలో చావులు తగ్గెను. రక్షణము సంపూర్ణము కాకపోయినను, రోగము రాకముందే బీజదశలోనే క్రిమిని గుర్తుపట్టుటకు శరీరమునకు నేర్పవచ్చునని ఇచ్చట ఋజువాయెను.

ఈ దారిలో వెంటనే ముందునకు పోకపోవుటకు కారణము డి. డి. టి. యను తెల్లపొడి. యుద్ధము ముగియగానే ఆ పొడి చల్లిన యింట దోమ చచ్చుట చూచి, ఇక టీకా యెందులకని లోకము తలచెను. మన దేశమున 1953లో మలేరియా నియంత్రణ పథకమును, 1958లో నిర్మూలన పథకమును మొదలుపెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఏటేట 7 కోట్ల 50 లక్షల మందికి వచ్చుచుండెనని అంచనా వేయబడిన జ్వరము 1965 నాటికి లక్ష మందికి దిగెను. ఇంతటి విజయము వైద్య చరిత్రలో అరుదు. అటు పిమ్మట దోమలు పొడికి అలవాటుపడెను, అధికారులు విజయమునకు అలవాటుపడిరి. 1976లో 64 లక్షల మందికి జ్వరము వచ్చెను. ఆ తగ్గిన కాలమున పుట్టి పెరిగిన పిల్లలకు రక్షణ మలవడియుండలేదు, పెద్దలకున్నది కరగిపోయెను. కావున జ్వరము తిరిగి వచ్చినపుడు ఎదురులేకపోయెను.

ఆ నడుమ పరదేశములలో పని సాగెను. 1961లో పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో కొహెన్, మెక్‌గ్రెగర్, కారింగ్టన్ అనువారు జ్వరమునకు అలవడిన పెద్దల రక్తమునుండి గామా గ్లోబ్యులినును వేఱుచేసి రోగముతో నున్న పసిబిడ్డలకు ఎక్కించిరి. కొన్ని దినములలోనే బిడ్డల రక్తమున క్రిములు పడిపోయెను. పెద్దల రక్షణము దైవదత్తము కాదు, జాతిగుణము కాదు, సీసాలో పట్టి మఱియొకరి కీయదగిన పదార్థమని దానివలన కంటికి కనబడెను. 1967లో న్యూయార్కులో రూత్ నస్సెన్‌జ్వైగ్ కిరణములచే నిర్వీర్యము చేసిన బీజములతో చుంచుల నుద్ధరించెను. 1973లో డేవిడ్ క్లైడు మనుష్యులయందు దానిని సాధించెను. దోమలకు కిరణములు పట్టి, సాహసికులగు స్వచ్ఛంద సేవకులను వానిచే కుట్టించిరి. కాని మంచి రక్షణమునకు వేయికి పైగా కాట్లు కావలసెను. వేయి దోమలచే బిడ్డను కుట్టింప ఒప్పుకొను తల్లి యెక్కడ?

1984లో బీజము పైపొర మాంసకృత్తు యొక్క జన్యువును విడదీసిరి. 1987లో ఆ పదార్థపు ముక్కను కామెర్ల క్రిమి పైపొరతో అదికి ఆర్. టి. ఎస్., ఎస్. అను టీకాను తయారుచేసిరి. అప్పటినుండి 2021 అక్టోబరు 6వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని పిల్లలకు వేయవచ్చునని చెప్పువఱకు 34 ఏండ్లు. 2009 మొదలు 2014 వఱకు ఆఫ్రికాలో ఏడు దేశములలో 15,459 మంది పిల్లలపై పరీక్ష జరిగెను. నాలుగు సూదులు పడిన పెద్ద శిశువులలో నాలుగేండ్ల కాలమున జ్వరములు నూటికి 36 వంతులు తగ్గెను. ఇంతేనా యని మొదట మాకును నిరుత్సాహము కలిగినది. ప్రకృతియే ఏండ్లకొలది దెబ్బలతో సగము రక్షణ మిచ్చు రోగమున నాలుగు సూదులతో మూడవ వంతు సాధించుట తక్కువ కాదని ఆలోచించిన పిమ్మట తోచినది. 2019లో ఘానా, కెన్యా, మలావీ దేశములలో టీకాను ఊళ్లలో వేయ మొదలిడగా నాలుగేండ్లలో ఆ యీడు పిల్లల మొత్తపు చావులే నూటికి 13 తగ్గెను. 2023 అక్టోబరు 2వ తేదీన ఆర్. 21 అను రెండవ టీకాకును అనుమతి దొరకెను. ఇది ఆక్స్‌ఫర్డు పండితులు కనిపెట్టినది, పూనా సీరం సంస్థ తయారుచేయునది. మొదటి టీకా తయారీ విద్యను తీసికొనుటకు 2021లో ఒడంబడిక చేసికొన్నది హైదరాబాదులోని భారత్ బయోటెక్. 2028 నాటికి సూది వెలను 5 డాలర్ల లోపలికి తెత్తుమని 2025లో ప్రకటించిరి. రాసు దోమను చీల్చిన నగరమునకు టీకా ఈ తీరున చేరినది.

ఐనను ఈ రెండు టీకాలును ఫాల్సిపారము నొక్కదానినే ఎదిరించును. మన దేశమున వైవాక్సను మఱియొక జాతియు సమానముగా వ్యాపించియున్నది. అది కాలేయమున నెలల తరబడి నిద్రించి తిరిగి లేచును. కనుక మన దేశమునకు ఈ టీకా ఆఫ్రికాకు వలె ఉపయోగపడదనువారి వాదము కొట్టివేయదగినది కాదు. కాని 2022లో అల్లూరి సీతారామరాజు పేర ఏర్పడిన జిల్లాలోని పాడేరు, చింతపల్లి ప్రాంతములలో ఫాల్సిపారమే చిరకాలపు శత్రువు. దేశపు సగటు లెక్కను పట్టుకొని కొండ లెక్కను మఱచుట పాత దొరల యలవాటు. మన జాతీయ టీకాల పట్టికలో మలేరియా టీకా ఇంకను చేరలేదు. 2027 నాటికి దేశమున పుట్టు మలేరియాను నిలిపివేయుటకును, 2030 నాటికి నిర్మూలించుటకును దొరతనమువారు గడువులు పెట్టుకొనిరి. మందు పూసిన దోమతెరలు, జ్వరము వచ్చిన నాడే రక్తపరీక్ష, పూర్తి మోతాదు మందు అను మూడింటివలన మన్యమున జ్వరము మునుపటికంటె చాల తగ్గినది. తగ్గినచోట ఇప్పుడు పెరుగుచున్న పిల్లలకు తాతల నాటి రక్షణము లేదు. పాడేరు ఘాటు మీద పుట్టిన పదేండ్ల బిడ్డ నేడు ఆ దోమ ముందర మా జాలరిపేట బిడ్డతో సమానుడు.